సమస్య: “పదియు మూఁటికంటెఁ బైది యారు”

నిర్వాహకుడు: అమెరికా ఫుట్‌బాల్ లీగు ఎన్.ఎఫ్.ఎల్. చరిత్రలో అత్యంత విజయవంతమైన జట్టు ఏదన్న వాదం ఇక్కడ ఎంతకీ తెగలేదు. గ్రీన్‌బే ప్యాకర్లకు మొత్తం 13 లీగు టైటిళ్లున్నాయని ఒక పక్షమూ, లీగు విజేతను తేల్చే వార్షిక ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలుపులే లెక్క కనుక చెరి 6 సాధించిన పిట్స్‌బర్గ్ స్టీలర్లూ న్యూ ఇంగ్లండ్ పేట్రియట్లూ ముందున్నారని మరొక పక్షమూ పట్టు విడువలేదు. వచనంలో తెగనిది పద్యంలోనైనా తెగుతుందేమోనని ఆ రెండు అంకెలనే ఈ పాదంలో బిగించాను. పూరించండి.

కావ్యకేతనుడు:

చూడ నేఁటి కొలత సూపరు బౌలగు,
ప్యాకరులకు నందుఁ బట్ట మెన్ని?
నాల్గె! పేట్రియట్ల నడిగిన నారండ్రు;
పదియు మూఁటికంటెఁ బైది యారు.

మొదటి సూపర్ బౌల్ 1967 జనవరిలో జరిగింది. అంతకు ముందరి తొమ్మిది టైటిళ్లను పురాణకాలానికి వదిలివేయడమే న్యాయం.

ఛందోభృంగం: ధార బాగుంది, ఎత్తుగడ బాగుంది, మూడవ పాదంలో యతి మాత్రం బాగులేదు. ‘పేట్రియట్లను అడిగిన’ అన్నప్పుడు యతిస్థానంలో నిలిచేది అకారమే గాని నకారం కాదు. పాదాదిని ‘నా’ వేసి కేతనుడుగారు మనకు అఖండయతిని అంటగట్టారు. అంతకంటె పెద్ద లోపం పిట్స్‌బర్గ్‌ను మరవడం. 1974 నుండి 1979 వరకు ఆరు సీజన్లలో నాలుగు సూపర్ బౌళ్లు గెలిచి, 2009 ఫిబ్రవరిలో అందరికంటె ముందు ఆరుకు చేరినవారు స్టీలర్లు. పేట్రియట్లు వారిని అందుకున్నది 2019లో.

కావ్యకేతనుడు: బఫెలో బిల్స్ జట్టు వరుసగా నాలుగు సూపర్ బౌళ్లు ఓడిన వైనంపై లోగడ సమస్య ఇచ్చినప్పుడు, భృంగంగారి పూరణలో ఇదే అఖండయతి రెండవ పాదంలో హాయిగా కూర్చున్నది. ఆనాడు పెద్దవారన్న గౌరవంతో మేమెవ్వరమూ నోరెత్తలేదు.

ఛందోభృంగం: ఆ పద్యంలో యతి పోయినా లెక్క పోలేదు. నాలుగు ఓటములనూ నాలుగుగానే చెప్పాను, తొమ్మిది గెలుపులను సున్నా చేయలేదు.

డాలస్ కవిమిత్రుడు: పెద్దల నడుమకు వస్తున్నందుకు మన్నించాలి. నా పూరణలో పదమూడు టైటిళ్లు కావు, పాయింట్లు. 2019 ఫిబ్రవరిలో అట్లాంటాలో పేట్రియట్లు లాస్ ఏంజెలెస్ ర్యామ్స్‌ను 13–3తో ఓడించారు. సూపర్ బౌళ్లన్నిటిలో అతి తక్కువ పాయింట్లు వచ్చిన ఆట అదే. సూపర్ బౌల్ గెలిచినవారికి ఉంగరాలు ఇవ్వడం ఆనవాయితీ.

ర్యాములపయి నాఁడు రాల్చిన యంకెలు
నవ్వఁదగిన వేమొ; నాఁటి విజయ
మారవదిగ వేలి కమరె నుంగరముగా;
పదియు మూఁటికంటెఁ బైది యారు.

నిర్వాహకుడు: భేష్! పదమూడు పాయింట్లతోనే ఆరవ ఉంగరం వచ్చిందన్న సంగతి పాదం ఇచ్చిన నాకే తట్టలేదు.

గోదారిగళం: మిత్రుడి చమత్కారానికి నా అభినందనలు. ‘మారవదిగ’లోని ఆకారానికి ‘కమరె’లోని అకారంతో యతి ఎంత శుభ్రంగా కుదిరిందో కేతనుడుగారు ఒకసారి తిలకించాలి. అయితే డాలస్‌లో కాపురముండి పొరుగువారి ఉంగరాన్ని పొగడవలసి రావడం చూస్తే నాకు జాలి వేస్తున్నది. డాలస్ జట్టు కౌబాయ్స్ అయిదవ సూపర్ బౌల్ 1996 జనవరిలో గెలిచారు, ఆరవది నేటికీ రాలేదు. ఇక నా పూరణ:

ఊరివారె యేలు నొక జట్టు గ్రీన్‌బేది;
తొల్లి తొమ్మిదింటిఁ ద్రోసిపుచ్చి
లెక్క నేర్చినట్టి లేఁతబిడ్డ యనునె
“పదియు మూఁటికంటెఁ బైది యారు”?

డాలస్ కవిమిత్రుడు: కౌబాయ్స్ మాట ఎత్తకుండా గోదారివారు ఒక్క పూరణ అయినా చేసి ఎరుగరు. పద్యం మాత్రం మెచ్చదగినదే. ప్రశ్నగా తిప్పడం పాత ఉపాయమే అయినా ఇక్కడ అతికింది.

ఛందోభృంగం: గోదారివారి ఛందస్సులో వంక లేదు, విషయంలో ఉన్నది. ప్యాకర్ల జట్టును ఏలే వాటాదారులు ఊరివారు మాత్రమే కారు. లాభం పంచని ఆ వాటాలను దేశమంతటా అయిదు లక్షల మందికి పైగా కొనుక్కున్నారు. 1929, 1930, 1931 టైటిళ్లు కూడా పట్టికలో నిలిచిన స్థానాన్ని బట్టి వచ్చినవే. టైటిల్ కోసం ఏటా ఫైనల్ ఆడే పద్ధతి 1933లో మొదలైంది. కనుక లేతబిడ్డ నిజంగా లెక్క నేర్చినదైతే ఏది ఏ పద్ధతిలో వచ్చిందో కూడా అడుగుతుంది. అయినా ఆ తొమ్మిదింటిని త్రోసిపుచ్చే హక్కు కేతనుడుగారికి రాదు. ప్యాకర్లకు ఏడేళ్లలో అయిదు టైటిళ్లూ, వాటిలో మొదటి రెండు సూపర్ బౌళ్లూ సంపాదించి పెట్టిన కోచ్ విన్స్ లొంబార్డి. ఆయన 1970లో మరణించాక సూపర్ బౌల్ ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. కేతనుడుగారు ఎత్తిపట్టి చూపుతున్న ఆరింటి మీదా ఉన్నది ప్యాకర్ల గురువుగారి పేరే! ఇక ఆయన మూడవ పాదానికి నా సవరణ:

నాల్గె! పేట్రియట్లు నవ్వుచు నారండ్రు;

కావ్యకేతనుడు: పేరు ప్యాకర్లది కావచ్చు, ట్రోఫీలు మావి. సవరణను స్వీకరిస్తున్నాను, ఎందుకంటే పేట్రియట్లు నవ్వుతూ చెప్పడం నాకు మరింత నచ్చింది. పిట్స్‌బర్గ్‌కు మాత్రం నా పద్యంలో చోటివ్వను. ఆ ఆరింటి కోసం భృంగంగారే వేరొక పూరణ పంపవచ్చు. దాని యతిని నేను చూసిపెడతాను.