సర్క్యులర్ బ్రీతింగ్ మొదట ఎవరిది?

శ్రుతిబాక్స్: సన్నాయికి శ్రుతి పట్టే ఒత్తు, ఆస్ట్రేలియా ఆదివాసుల పొడుగు గొట్టం డిడ్జెరిడూ, మంగోలియా వేణువు లింబె, అన్నిట్లో ఇదే కిటుకు: బుగ్గల్లో గాలితో ఊదుతూనే ముక్కుతో పీల్చడం. ముందు ఎవరు పట్టారు? నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు?

ఒత్తుగాడు: మేళంలో సన్నాయి విద్వాంసుడికే శాలువాలు. గుక్క తెగకుండా ఊదేది ఒత్తు పట్టేవాడు. దానికి వేళ్ళ రంధ్రాలుండవు, అడుగు రంధ్రాలకు మైనం పెట్టి శ్రుతి కుదురుస్తారు. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వచ్చి ఆ విద్యను మింగేసింది.

కొలిమి: పుట్టింది సంగీతంలో కాదండీ. కంసాలి ఊదుగొట్టం చూడండి. టంకం కరిగేదాకా మంట తగ్గకూడదు, అందుకే బుగ్గల్లో గాలి పట్టి ముక్కుతో పీలుస్తాడు. మంగోలియాలోనూ లోహం కరిగించేవాళ్ళ నుంచే వచ్చిందంటారు.

జంటగొట్టం: అంటారు, అంతే. ఇరాక్‌లోని ప్రాచీన నగరం ఉర్ రాజసమాధుల్లో ఊదే వాద్యపు వెండి గొట్టాలు దొరికాయి, సుమారు క్రీ.పూ. 2450 నాటివి.

కొలిమి: ఆ వెండి గొట్టాలు చేసిందెవరు మరి?

జంటగొట్టం: చేసినంత మాత్రాన ఊపిరి తిప్పినట్టా?

కొలిమి: దొరికినంత మాత్రాన తిప్పినట్టా? ఎలా ఊదారో గొట్టం చెప్పదు కదా! ప్రాచీన గ్రీకులు ఆలోస్ అనే జంట గొట్టాల వాద్యం ఊదేటప్పుడు బుగ్గల మీద తోలుపట్టీ కట్టుకునేవారు. బుగ్గ ఉబ్బకపోతే గాలి నిలవ ఎక్కడ?

రీడ్‌మాస్టర్: మీరిద్దరూ రీడు (సన్నాయి మూతికి పెట్టే, ఊదితే అదిరే పీక) నోట పెట్టినట్టు లేదు. రీడు సందు సన్నం, ఒత్తిడి ఎక్కువ, గాలి ఖర్చు తక్కువ. బుగ్గ కొంచెం ఉబ్బినా సరిపోతుంది. డిడ్జెరిడూ వెడల్పు, నాలుకతో కూడా తోయాలి. ఫ్లూట్‌లో ఎదురొత్తిడే లేదు, బుగ్గ గాలి రెప్పపాటులో ఖాళీ. లింబె అడ్డంగా పట్టే ఫ్లూటే, అయినా ఒక్కో పాట 12 నుంచి 25 నిమిషాలు ఆగదు. 2011లో యునెస్కో అత్యవసర రక్షణ జాబితాలో పెట్టింది ఊరికే కాదు.

సాక్స్‌బాబు: శాక్సఫోన్ వాయించే కెన్నీ జీ 1997లో ఒకే స్వరం 45 నిమిషాల 47 సెకన్లు పట్టాడు. అప్పట్లో గిన్నిస్ రికార్డు!

ఒత్తుగాడు: ఒకే స్వరమేగా. ఊరేగింపు పొడుగునా ఒత్తువాళ్ళు చేసేదీ అదే, గిన్నిస్ వాళ్ళకి పిలుపు అందలేదు.

శ్రుతిబాక్స్: నేర్చుకునే సంగతి ఎవరైనా చెప్తారా?

రీడ్‌మాస్టర్: గ్లాసు నీళ్ళు, సన్న స్ట్రా. బుడగలు ఊదుతూ బుగ్గలు నింపు. నాలుక వెనక భాగం అంగిటికి ఆనించి గొంతు మూసి, బుగ్గలు నొక్కుతూ ముక్కుతో చిన్నగా ఎగపీల్చు. బుడగ తెగేది ఎక్కువగా తిరిగి ఊపిరితిత్తుల గాలికి మారేచోట, గొంతు ఆలస్యంగా తెరుచుకోవడం వల్ల. ఊపిరి అడుగంటేదాకా ఆగకు, సగం ఉండగానే పీల్చు. లావు స్ట్రాతో మొదలుపెట్టకు.

సాక్స్‌బాబు: నీళ్ళలో బాగానే వస్తోంది, రీడు మీద స్వరం దిగిపోతోంది.

రీడ్‌మాస్టర్: బుగ్గ నొక్కేటప్పుడు పెదవి పట్టు వదులుతున్నావు. బుగ్గ కదలాలి, పెదవుల మూలలు కదలకూడదు. తల తిరిగితే లోపల వాడిన గాలి పేరుకుందన్నమాట, అప్పుడు ఆపి పూర్తిగా వదిలెయ్.