అచ్చుకు ముందే మరో ల్యాబ్‌లో చేసి చూడటం తప్పనిసరి చేయాలా?

గాజుగొట్టం

ఈ ప్రశ్న చాలాకాలంగా నన్ను తొలిచేస్తోంది. వేరే రంగాలవాళ్ళు ఏమంటారో వినాలని ఇక్కడ పెడుతున్నాను.

నాది కర్బన రసాయన శాస్త్రం. మా దగ్గర ఆర్గానిక్ సింథసీస్ అనే ప్రచురణ 1921 నుంచి వస్తోంది. అందులో ఏ తయారీ పద్ధతి అచ్చవ్వాలన్నా, ముందు సంపాదక మండలి సభ్యుల్లో ఒకరి ల్యాబ్‌లో దాన్ని పొల్లుపోకుండా చేసి చూస్తారు. రచయితలు చెప్పిన ఫలితం అక్కడా రావాలి. రాకపోతే అచ్చు లేదు. అందుకే అందులోని పద్ధతిని నిన్న చేరిన స్కాలర్ చేతికిచ్చినా మాకు ధైర్యంగా ఉంటుంది.

మిగతా జర్నళ్ళలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఇద్దరో ముగ్గురో రివ్యూయర్లు పేపర్ చదువుతారు, ప్రశ్నలు వేస్తారు, అంతే. ప్రయోగాన్ని ఎవరూ ముట్టుకోరు. 2016లో నేచర్ పత్రిక 1,576 మంది పరిశోధకులను అడిగితే, ఇతరుల ప్రయోగం చేయబోయి కుదరలేదన్నవాళ్ళు 70 శాతానికి పైనే తేలారు. తమ సొంత ప్రయోగమే రెండోసారి రాలేదన్నవాళ్ళు సగానికి పైగా ఉన్నారు.

నా మాట సూటిగా చెబుతాను. ఇంజనీరింగ్, జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, సామాజిక శాస్త్రాలు, రంగం ఏదైనా సరే, ప్రయోగం మీద నిలబడ్డ ప్రతి పేపర్‌నూ సంబంధం లేని మరో బృందం చేసి చూశాకే అచ్చు వేయాలి. పేపర్ల సంఖ్య పడిపోతుందంటారా, పడిపోనివ్వండి.

కణజాలం

గాజుగొట్టం గారూ, రోగం మీరు చెప్పిందే. మందు మాత్రం మా ఒంటికి పడదు.

మీ చర్య ఒకటి రెండు రోజుల్లో తేలిపోతుంది. ఎలుకలో కణితి పెరిగి, దాని మీద మందు పనిచేసిందో లేదో చూడాలంటే మాకు నెలలు పడుతుంది. ఇంకోసారి చేయాలంటే అన్ని ప్రాణాలూ మళ్ళీ తీయాలి. క్యాన్సర్ జీవశాస్త్రంలో పేరున్న 53 పేపర్లలోంచి 193 ప్రయోగాలు తిరిగి చేద్దామని 2013లో ఒక పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టారు. 2021 చివర్లో ఫలితాలు వచ్చేసరికి పూర్తయినవి 23 పేపర్లలోని 50 ప్రయోగాలే. డబ్బు, మనుషులు, పట్టుదల అన్నీ ఉన్నా అంతే చేయగలిగారు.

ఆ నివేదికలో నన్ను ఎక్కువగా గుచ్చింది ఇంకొకటి. ఆ 193లో ఒక్కటి కూడా పేపర్‌లో రాసిన వివరాలతోనే మళ్ళీ చేయగలిగేలా లేదు! ప్రతిదానికీ రచయితలను అడగాల్సి వచ్చింది. కొందరు ఓపిగ్గా సాయం చేశారు, కొందరు జవాబే ఇవ్వలేదు.

ఇంకో సంగతి. బర్క్‌లీలో మినా బిసెల్ ల్యాబ్, బోస్టన్‌లో కొర్నేలియా పోల్యాక్ ల్యాబ్ కలిసి మనిషి రొమ్ము కణాల మీద పనిచేశాయి. ఇద్దరూ ఆరితేరినవాళ్ళే, రాసుకున్న పద్ధతీ ఒకటే. అయినా ఫలితాలు కలవలేదు. ఎంతో కాలం వెతికాక, ఇద్దరు పరిశోధకులు ఒకే బల్ల దగ్గర పక్కపక్కన నిలబడి చేస్తే అప్పుడు దొరికింది. కణజాలాన్ని విడగొట్టేటప్పుడు ఒక ల్యాబ్‌లో జోరుగా కలిపేవారు, రెండోచోట నెమ్మదిగా ఊపుతూ ఉంచేవారు. 2014లో దాన్నే పేపర్‌గా వేశారు. మీ నియమం ఉండి ఉంటే రెండో ల్యాబ్ ‘రాలేదు’ అని ఒక్క ముక్క రాసి పంపేది, ఆ పని అక్కడితో ఆగిపోయేది.

గాజుగొట్టం

కణజాలం గారూ, ఆ కథ నా వైపే సాక్ష్యం చెబుతోంది కదా? రెండో ల్యాబ్ చేసింది కాబట్టే కలిపే తీరు అంత ముఖ్యమని తెలిసింది. ఎవరూ చేయకపోతే ఆ వాక్యం ఏ పేపర్‌లోనూ ఉండేది కాదు.

నెలలు పడుతుందన్న మాట ఒప్పుకుంటాను. కానీ తప్పుడు ఫలితం మీద పది ల్యాబులు కలిపి పోగొట్టుకునే ఏళ్ళు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కణజాలం

బయటపడింది వాళ్ళు ఒకరినొకరు నమ్మి, కలిసి వెతికారు కాబట్టి. పేరు తెలియని రివ్యూయర్ ల్యాబ్‌కి అంత ఓపిక ఎందుకుంటుంది? ‘రాలేదు’ అనడం తేలిక, ఎందుకు రాలేదో కనుక్కోవడమే అసలు పని.

ఉత్ప్రేరకం

నేనూ రసాయన శాస్త్రంవాణ్ణే. అయినా గాజుగొట్టం గారితో ఏకీభవించలేను. మళ్ళీ చేస్తే నిజం తేలుతుందనే నమ్మకమే నాకు లేదు.

రెండు కర్బన అణువులను అతికించే సుజుకి చర్యకు మామూలుగా పల్లాడియం అనే లోహం ఉత్ప్రేరకంగా కావాలి. 2003లో ఒక బృందం అలాంటి లోహమేదీ లేకుండానే ఆ తరహా చర్య జరుగుతోందని ప్రకటించింది. చాలా సంచలనమైంది. అది మళ్ళీ మళ్ళీ వచ్చే ఫలితమే, అందులో మోసం ఏమీ లేదు. 2005లో ఆ పరిశోధకులే తిరిగి పరీక్షించి అసలు సంగతి చెప్పారు. వాళ్ళు వాడిన సోడియం కార్బొనేట్‌లో పల్లాడియం ఉంది, వంద కోట్ల భాగాల్లో 50 భాగాలు. ఆ పిసరంత సరిపోయింది చర్య నడవడానికి. ఇప్పుడు చెప్పండి, మీ రెండో ల్యాబ్ కూడా అలాంటి సీసాయే తెరిచి, అదే పద్ధతిలో చేసి ఉంటే? దిగుబడి వచ్చేది, ‘సరిచూశాం’ అని ముద్ర పడేది, తప్పు వివరణ ఇంకా గట్టిపడేది.

2006లో ప్రోటీన్ నిర్మాణాల్లోనూ ఇలాంటిదే జరిగింది. ఒక బృందం వాడిన ప్రోగ్రామ్‌లో రెండు నిలువు వరసల డేటా తారుమారైంది, నిర్మాణం అద్దంలో బొమ్మలా తిరగబడి వచ్చింది. ఐదు పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ ప్రోగ్రామ్‌తో వందసార్లు లెక్కించినా అదే తప్పు వచ్చేది. వేరే ల్యాబ్‌వాళ్ళు అదే కుటుంబానికి చెందిన మరో ప్రోటీన్ నిర్మాణం కనుక్కుంటే, రెండూ పొసగక తప్పు బయటపడింది.

నాకు కావలసింది రెండో దారి. అదే పనిని అలాగే మళ్ళీ చేయడం కంటే, అదే ప్రశ్నకు ఇంకో వైపు నుంచి జవాబు వెతకడం మీద డబ్బు పెట్టాలి.

సౌరఫలకం

ఇంజనీరింగ్ వైపు నుంచి కొంచెం. సౌర ఘటాల్లో మీరు అడిగిన నియమానికి దగ్గరిది ఎప్పటినుంచో ఉంది. రికార్డు సామర్థ్యాల పట్టికలు 1993 నుంచి వస్తున్నాయి. అందులోకి ఎక్కాలంటే గుర్తింపు ఉన్న స్వతంత్ర పరీక్షా కేంద్రంలో కొలిపించాల్సిందే, మా ల్యాబ్‌లో ఇంత వచ్చిందంటే చెల్లదు. పెరోవ్‌స్కైట్ అనే కొత్త రకం పదార్థంతో చేసే ఘటాలు వచ్చిన కొత్తలో ఇది ఎంతో ఆదుకుంది. వోల్టేజిని పెంచుకుంటూ కొలిస్తే ఒక అంకె, తగ్గించుకుంటూ కొలిస్తే ఇంకో అంకె వచ్చేది. ఎవరికి వాళ్ళు పెద్ద అంకె రాసుకుంటే ఆ రంగం ఏమైపోయేది?

కానీ ఒక తేడా చూడండి. మేం పంపేది తయారైన ఘటాన్ని. వాళ్ళు దాన్ని కొలుస్తారు, అంతే. అలాంటిదే ఇంకొకటి తయారుచేసి చూడరు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నామని నాకనిపిస్తోంది.

క్షేత్రపరిశీలన

సామాజిక శాస్త్రాల పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. మేం చదివేవాటిలో చాలా వరకు ఒక్కసారే జరుగుతాయి. ఒక ఎన్నిక, ఒక భూకంపం తర్వాతి వలస, ఒక చట్టం వచ్చిన మొదటి ఏడాది. ‘మరో ల్యాబ్‌లో చేయండి’ అంటే ఎవరు ఎక్కడ చేస్తారు? మీ నియమం అక్షరాలా పాటిస్తే మా సగం రంగం మూతపడుతుంది.

అలాగని మా ఇంట్లో అంతా బాగుందని అనను. 2015లో మనస్తత్వ శాస్త్రంలో 100 అధ్యయనాలను తిరిగి చేశారు. మొదటిసారి 97 శాతం ‘ప్రభావం ఉంది’ అన్నాయి, రెండోసారి 36 శాతమే అన్నాయి. ఆ అంకె చూసి నేను చాలా రోజులు కుదుటపడలేదు. తరగతిలో నేను చెప్పినవీ అలాంటి అధ్యయనాల ఫలితాలే.

అయితే మా తప్పులు దొరికిన తీరు చూడండి. 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు రాసిన పేపర్ ప్రకారం ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటితే దేశాల సగటు వృద్ధి సున్నా కంటే కిందికి, మైనస్ 0.1 శాతానికి పోతుంది. ప్రభుత్వాలు పొదుపు విధానాలకు దాన్ని ఆధారంగా చూపాయి. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి రచయితల నుంచే ఎక్సెల్ ఫైలు తెప్పించుకుని లెక్క వేశాడు. ఐదు దేశాలు ఒక ఫార్ములాలో పడనే లేదు. కొన్ని ఏళ్ళ డేటా చేరలేదు, సగటు తీసిన పద్ధతిలోనూ పేచీ ఉంది. అన్నీ సరిచేస్తే ఆ అంకె 2.2 శాతమైంది. దీనికి కొత్త ప్రయోగం ఏదీ అక్కర్లేకపోయింది, ఫైలు చేతికొస్తే చాలింది. మూడేళ్ళ దాకా ఆ ఫైలు అందరికీ అందుబాటులో లేకపోవడమే నా బాధ.

ఇంకొకటి. 2014లో సైన్స్ జర్నల్‌లో ఇంటింటికీ వెళ్ళి మాట్లాడితే స్వలింగ వివాహాల మీద జనం అభిప్రాయం మారుతుందని ఒక పేపర్ వచ్చింది. ఇద్దరు యువ పరిశోధకులు దాన్ని ముందుకు తీసుకెళ్దామని సర్వే మొదలుపెడితే అంకెలు దగ్గరికి కూడా రాలేదు. ఆరా తీస్తే, ఆ సర్వే చేసిందని పేపర్ రచయిత చెప్పిన సంస్థే మాకేం తెలియదంది. 2015లో పేపర్ వెనక్కి పోయింది. ఆ ఇద్దరే 2016లో నిజమైన ప్రయోగం చేసి, ట్రాన్స్‌జెండర్ల పట్ల వ్యతిరేకత పది నిమిషాల సంభాషణతో తగ్గుతోందని, అది కనీసం మూడు నెలలు నిలుస్తోందని చూపించారు. నాకు ఎంతో ఇష్టమైన ఉదంతం ఇది. ఒక్క పనిలోనే అబద్ధాన్ని బయటపెట్టారు, నిజాన్నీ వెతికి పట్టుకున్నారు.

మా రంగానికి సరిపడే నియమం ఇంకొకటి ఉంది. మెదడు పరిశోధనల మీద వచ్చే కార్టెక్స్ జర్నల్ దాన్ని 2013లో మొదలుపెట్టింది, ఇప్పుడు 300కు పైగా జర్నళ్ళు అనుమతిస్తున్నాయి. డేటా సేకరించకముందే ప్రశ్న, పద్ధతి, విశ్లేషణ రాసి పంపాలి. రివ్యూ అక్కడే అవుతుంది. ఒప్పుకున్నాక ఫలితం ఎటు వచ్చినా అచ్చు వేస్తారు. ఏమీ రాలేదని వచ్చినా వేస్తారు.

ఐదోఏడు

పెద్దవాళ్ళ మధ్య మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను జీవశాస్త్రంలో పీహెచ్‌డీ ఐదో సంవత్సరంలో ఉన్నాను.

నా పని అంతా ఒక పేపర్‌లోని మొదటి బొమ్మ మీద నిలబడాలి. అది నాకు రాలేదు. 14 నెలలు చేశాను. మొదట నా చేతి పనితనమే బాగోలేదనుకున్నాను, ల్యాబ్‌లో అందరూ అలాగే అనుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, వాళ్ళు చెప్పిన యాంటీబాడీ (కావలసిన ప్రోటీన్‌ను గుర్తుపట్టడానికి వాడేది) కొన్ని బ్యాచ్‌లలో అసలు ప్రోటీన్‌కు బదులు ఇంకోదాన్ని పట్టుకుంటోంది. రాసిన బృందానికి మూడు మెయిళ్ళు పెట్టాను, జవాబు లేదు. మా గైడ్ మంచివారే. కానీ ‘దీన్ని ఎవరు వేస్తారమ్మా, వేరే పని చూసుకో’ అన్నారు. ఫెలోషిప్ అయిపోవస్తోంది, ఒక్క పేపర్ లేదు. రాత్రిళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

తప్పనిసరి చేయాలా వద్దా అని మీరు వాదిస్తున్నారు. చేసి చూసేది ఎవరు? మాలాంటివాళ్ళమే. ఆ 14 నెలలు ఎవరి లెక్కలో వేస్తారు?

గాజుగొట్టం

ఈ పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఐదోఏడు గారూ, నా ప్రతిపాదనలో మీరు లేరు. ‘మరో బృందం చేస్తుంది’ అని తేలిగ్గా రాసేశాను, ఆ బృందంలో ఎవరుంటారో ఆలోచించలేదు. మా ఆర్గానిక్ సింథసీస్‌లో సరిచూసినవాళ్ళ పేర్లు పద్ధతితో పాటు అచ్చవుతాయి. దాన్ని చిన్న విషయం అనుకుని మొదటి పోస్టులో వదిలేశాను. అసలు ఆ నియమం ఇన్నేళ్ళు నిలబడింది అందువల్లనేమో.

ఉత్ప్రేరకం గారి సీసా ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు. అన్ని రంగాలకూ తప్పనిసరి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రసాయన తయారీ పద్ధతులకు మాత్రం ఇప్పటికీ అదే అంటాను. నా తర్వాతి పేపర్ పంపేముందు పక్క ల్యాబ్‌లోని ఒక స్కాలర్‌కు రాతప్రతి ఒక్కటే ఇచ్చి, నన్నేమీ అడగకుండా చేయమంటాను. ఎక్కడ ఆగిపోతారో అక్కడ నా రాత లోపమున్నట్టే. పేరు కూడా వేస్తాను.

క్షేత్రపరిశీలన

పేరు వేస్తే సరిపోదు గాజుగొట్టం గారూ. ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసే కమిటీలు దాన్ని పనిగా లెక్కేయాలి. ఇప్పుడు వేయట్లేదు. అది మారనంత వరకు మీ ల్యాబ్‌లో మీరు చేసేది మీ మంచితనమే అవుతుంది, నియమం కాదు.

కణజాలం

ఐదోఏడు, మీ చేతి పనితనం గురించి ఇంకెప్పుడూ అలా అనుకోకమ్మా. బ్యాచ్‌ని బట్టి యాంటీబాడీ మారడం మా రంగంలో చాలామందిని ముంచిన విషయం. ఏ బ్యాచ్ ఏం పట్టుకుందో పక్కపక్కన చూపించే బ్లాట్‌లు (ప్రోటీన్ ఉంటే గీతగా కనిపించే పరీక్ష చిత్రాలు), ఆ ప్రోటీన్ జన్యువు తీసేసిన కణాల్లో కూడా గీత వస్తోందా అని పోల్చి చూసే కంట్రోల్, ఈ రెండూ ఉంటే అది పూర్తి పేపరే. ప్రతికూల ఫలితాలు వేసే జర్నళ్ళు ఉన్నాయి. వాళ్ళు వేయకముందే ప్రీప్రింట్‌గా, అంటే రివ్యూ కాని రాతప్రతిగా ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, తేదీ మీ పేరు మీద ఉంటుంది. థీసిస్‌లో అధ్యాయంగా కూడా నిలుస్తుంది, గైడ్ గారికి ఈ మాట చెప్పి చూడండి. మీ దగ్గర ఎన్ని బ్యాచ్‌ల వివరాలున్నాయి?

ఐదోఏడు

నాలుగు బ్యాచ్‌ల నంబర్లు నోట్‌బుక్‌లో రాసి ఉన్నాయి మేడమ్. మూడింటికి బ్లాట్‌లు ఉన్నాయి. జన్యువు తీసేసిన కణాలు మా దగ్గర లేవు, ఎవరి దగ్గరైనా ఉంటే రేపే అడుగుతాను.