మందులు తయారయ్యేది మన హైదరాబాద్‌లోనే, మరి రేటు ఎందుకింత? తప్పు కంపెనీల లాభాలదేనా?

మూసాపేట వాసి:

నిన్న రాత్రి నాన్న మందుల డబ్బా సర్దుతుంటే రెండు స్ట్రిప్పులు చేతికొచ్చాయి. రెండూ కొలెస్ట్రాల్‌కి వేసే రొసువాస్టాటిన్ 10 గోలీలే. ఒకటి నాన్నకు స్టెంట్ వేసిన ఆసుపత్రి ఫార్మసీలో కొన్నది, పదిహేను గోలీలకు మూడు వందల పైచిలుకు. ఇంకొకటి అమ్మ జన ఔషధి కేంద్రంలో తెచ్చింది, పది గోలీలకు ఇరవై రూపాయలు కూడా కాలేదు. రెండోది తెరవనే లేదు. "చవక గోలీ గుండెకేం పనిచేస్తదిరా" అని నాన్న పక్కన పెట్టేశారు.

ఖరీదైన స్ట్రిప్ వెనక్కి తిప్పి, ఫోన్ లైట్ వేసుకుని చదివాను. ముందు పెద్దక్షరాల్లో ఉన్న కంపెనీ అమ్మేది మాత్రమేనట. తయారు చేసింది నేనెప్పుడూ పేరు వినని యూనిట్, వేరే రాష్ట్రంలో ఉంది. ఆ సంగతి వెనకవైపు ఆవగింజంత అక్షరాల్లో ఉంది.

నాన్నకు రోజూ ఏడు రకాల గోలీలు. ఆయన పింఛన్‌లో మూడో వంతు వీటికే పోతోంది. మందుల ఫ్యాక్టరీలున్న బాలానగర్, జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం అన్నీ మన చుట్టుపక్కలే. రాత్రిపూట ఆ ఘాటు వాసన పీల్చేది మనం, చెరువులు పాడైంది మనవి, రేటు దగ్గర మాత్రం మనకు ఏ కనికరమూ లేదు. స్టెంట్ల ధరకు 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం పరిమితి పెట్టింది. మందు పూత ఉన్న స్టెంట్ అంతకుముందు లక్ష దాటేది, 29,600కి దిగింది. గోలీలకు అదే పని ఎందుకు చేయరు? అన్ని మందులకూ ప్రభుత్వమే ధర కట్టాలి అన్నది నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

జీడిమెట్ల కెమిస్ట్:

మీ ఇంటి ఖర్చు విషయంలో మీ బాధ న్యాయమైనదే. పంతొమ్మిదేళ్లుగా బల్క్ డ్రగ్ (గోలీలకు వాడే అసలు మందు పొడి) ప్లాంటులో పనిచేస్తున్నాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి.

మీరు బాలానగర్ పేరెత్తారు. అక్కడున్నది ఐడీపీఎల్. 1961లో సోవియట్ సాయంతో నెలకొల్పిన ప్రభుత్వ సంస్థ. జనానికి మందు అందాలనే పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు కూడా మొదట అందులోనే ఉద్యోగం చేశారు. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. దాంతో అదే మందును వేరే దారిలో చేసుకునే వీలు దొరికింది, ఆ విద్య మన ఊరికి అబ్బింది. కానీ ఐడీపీఎల్ 1990ల్లో ఖాయిలా పడింది. ఆ విద్యను ప్రపంచం దాకా తీసుకెళ్లింది లాభం కోసం పెట్టిన కంపెనీలే.

మన హైదరాబాద్ కంపెనీ నాట్కో సంగతి చూడండి. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడే సొరాఫెనిబ్‌ను బేయర్ కంపెనీ నెలకు 2.8 లక్షల రూపాయలకు అమ్మేది. అవసరమైన రోగుల్లో రెండు శాతం మందికి మించి అందడం లేదని తేల్చి, 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ నాట్కోకు కంపల్సరీ లైసెన్స్ ఇచ్చారు, అంటే పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఆ మందు చేసుకునే అనుమతి. నెల మందు 8,880కి వచ్చింది. దేశంలో ఇప్పటిదాకా ఇచ్చిన కంపల్సరీ లైసెన్స్ అదొక్కటే. మళ్లీ 2025 అక్టోబర్‌లో, కండరాలు క్షీణించే ఎస్ఎంఏ వ్యాధికి వాడే రిస్డిప్లామ్ విషయంలో నాట్కోను ఆపాలని రోష్ కంపెనీ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు కూడా తోసిపుచ్చింది. రోష్ సీసా ఆరు లక్షల దరిదాపుల్లో ఉంటే నాట్కో 15,900కి తెచ్చింది. నాట్కో ధర్మసత్రం కాదు, షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ. నాలుగు డబ్బులు మిగులుతాయన్న ఆశ లేకపోతే అలాంటి వాళ్లతో ఎవరు కొట్లాడతారు?

ఇంకో మాట. ధర గొంతు నొక్కితే ముందు కోత పడేది క్వాలిటీ ల్యాబ్ మీద. సిరప్‌లో వాడే ప్రొపిలీన్ గ్లైకాల్ వస్తే ప్రతి డ్రమ్ములోనూ డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిందేమో పరీక్షించాలి. దానికి మనిషి కావాలి, మిషన్ కావాలి, ఒక పూట కావాలి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు తాగిన పిల్లలు చనిపోయింది ఆ విషంతోనే. ఆ వార్త వచ్చిన రోజు మా ల్యాబ్‌లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మలక్‌పేట మెడికల్ షాపు:

ఇద్దరూ కంపెనీ దగ్గరే ఆగిపోయారు. కౌంటర్ దాకా రండి.

ధరల నియంత్రణ జాబితాలో ఉన్న మందు మీద మాకు మిగిలేది 16 శాతం, హోల్‌సేల్ వాళ్లకు 8 శాతం. జాబితాలో లేని వాటి మీద 20, 10. మీకు పెద్ద మెడికల్ చెయిన్లు బోర్డు పెట్టి ఇచ్చే డిస్కౌంట్ అంతా ఇందులోంచే. అసలు తేడా అంతా ట్రేడ్ జనరిక్‌లలో ఉంది. పేరున్న కంపెనీలే ఒకే మందును రెండు రకాలుగా అమ్ముతాయి. ఒకటి ఎంఆర్ (కంపెనీ తరఫున తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్) డాక్టర్‌కు చెప్పి రాయించే బ్రాండ్. ఇంకొకటి నేరుగా మాకు ఇచ్చే సరుకు. ఆ రెండో దాని ఎమ్మార్పీ ఎక్కువే వేస్తారు, మాకు మాత్రం అందులో అయిదో వంతుకో ఆరో వంతుకో పడుతుంది. అందుకే కొన్ని షాపులు దాన్నే ముందుకు తోస్తాయి. నేను సగం రేటుకే ఇస్తాను. అయినా నాకు బ్రాండెడ్ కంటే ఎక్కువే మిగులుతుంది, దాచేదేముంది. పక్క గల్లీలో అదే గోలీ పూర్తి ఎమ్మార్పీకి అమ్ముతారు. కొనేవాళ్లకు తేడా తెలియదు.

మాజీ ఎంఆర్:

ఎనిమిదేళ్లు బ్యాగు మోశాను. మాకు టార్గెట్ పేషెంట్లు కాదు, ప్రిస్క్రిప్షన్లు. ఫలానా డాక్టర్ నెలకు ఎన్ని రాస్తున్నారో చుట్టుపక్కల షాపుల్లో కనుక్కునేవాళ్లం. డాక్టర్లకు బహుమతులు, విదేశీ ట్రిప్పులు ఉండకూడదని 2024 మార్చిలో కొత్త కోడ్ తెచ్చారు, మంచిదే. కానీ ఫిర్యాదు చేస్తే వినేది కంపెనీల సంఘాలు వేసుకున్న కమిటీలే.

రెడ్‌హిల్స్ నుంచి:

ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో అత్తమ్మతో నాలుగు నెలలు ఉన్నాను. 2019లో 42 క్యాన్సర్ మందుల మీద ట్రేడ్ మార్జిన్ (మధ్యలో అమ్మేవాళ్లకు మిగిలేది) 30 శాతానికి మించకూడదని మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ ఆదేశం ఇచ్చింది కదా, మా మందు అందులో ఉంది. ఆ తగ్గిన ధరే లేకపోతే మా ఆడబిడ్డ నగలు కూడా పోయేవి. కాబట్టి నియంత్రణ వద్దు అనేవాళ్లు దయచేసి ఒక్కసారి ఆలోచించండి.

మూసాపేట వాసి:

అందరివీ రెండుసార్లు చదివాను. నా మొదటి వాదనలో ఒక భాగం మార్చుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

కెమిస్ట్ అన్నా, నాట్కో ఉదాహరణ నేను ఒప్పుకుంటాను. కానీ దాన్నే ఇంకాస్త ముందుకు తీసుకెళ్లండి. ఆ పోటీ పుట్టింది లాభాపేక్ష ఒక్కదాని వల్ల కాదు. చట్టం తలుపు తెరిచింది కాబట్టి పుట్టింది. 2005లో మందుకే పేటెంట్ ఇచ్చేలా చట్టం మారినప్పుడు, పాత మందుకు చిన్న మార్పు చేసి మళ్లీ పేటెంట్ అడగకుండా సెక్షన్ 3(డి) పెట్టారు. దాని ఆధారంగానే 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ కంపెనీ క్యాన్సర్ మందు గ్లివెక్‌కు పేటెంట్ కుదరదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. చట్టం లేకపోతే నాట్కోకు ఎంత ఆశ ఉన్నా ఏం చేస్తుంది?

సరే, పేటెంట్ దగ్గర పోటీ ధరను దించుతుంది. మరి నాన్న గోలీకి ఎప్పుడో పేటెంట్ అయిపోయింది, దాన్ని చేసే కంపెనీలు పదుల్లో ఉన్నాయి. అయినా ధర ఎందుకు దిగలేదు? నిన్నటి నుంచి నా బుర్రలో ఇదే తిరుగుతోంది. అక్కడ కంపెనీలు పోటీ పడేది నాన్న జేబు కోసం కాదు, డాక్టర్ పెన్ను కోసం. రాసేవారు ఒకరు, అమ్మేవారు ఒకరు, కట్టేవారు ఇంకొకరు. కట్టేవారికి ఎంచుకునే హక్కు లేదు. అలాంటి చోట వందమంది పోటీ పడినా రేటు దిగదు.

ఇదే కంపెనీలు అమెరికాకు పంపేటప్పుడు చూడండి. అక్కడ జనరిక్ మందులు కొనే పెద్ద బృందాలు మూడే. రేటు పిండేస్తారు, మన వాళ్లు కిమ్మనకుండా ఇస్తారు. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులకు రాష్ట్ర సంస్థ టెండర్ పిలిచి కొంటుంది, అక్కడా తగ్గిస్తారు. తమిళనాడు 1990ల నుంచే అలా కొంటోంది, రాజస్థాన్ 2011లో ఉచిత మందుల పథకం పెట్టింది. ప్లాంట్లు ఇవే, లాభం మీద ఆశ కూడా ఇదే. ఎదురుగా బలమైన కొనుగోలుదారు కూర్చుంటే దిగొస్తారు, మా నాన్న ఒంటరిగా చీటీ పట్టుకుని నిలబడితే మూడు వందలు అంటారు.

అందుకే అన్నిటికీ ధర కట్టాలి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. 2013 మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గరిష్ఠ ధర ఎలా లెక్కిస్తారో చదివాను. మార్కెట్లో ఒక శాతం పైన వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దానికి షాపు వాళ్ల 16 శాతం కలుపుతారు. అంతకుముందు 1995 ఉత్తర్వులో తయారీ ఖర్చు చూసేవారు. ఇప్పుడు తయారీకి ఎంతవుతుందో అడిగేవారే లేరు. ఖరీదైన బ్రాండ్లే సగటును పైకి లాగుతాయి. జాబితాలో లేని మందు ధరను ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చు. ఈ లెక్కతోనే ఇంకో వెయ్యి మందులు జాబితాలో చేర్చినా నాన్న బిల్లు పెద్దగా మారదు. రెడ్‌హిల్స్ నుంచి రాసిన అక్కా, మీ మందు ధర తగ్గించింది సగటు కాదు, మార్జిన్ మీద పెట్టిన కోత. ఆ పద్ధతి అన్ని మందులకూ రావాలి. మలక్‌పేట అన్న చెప్పిన ట్రేడ్ జనరిక్‌లతోనే మొదలుపెట్టాలి.

ఇక క్వాలిటీ. ఛింద్వాడా పిల్లల గురించి మీరు రాసింది చదివి నాకూ మనసు పాడైంది. కానీ మూడు వందల స్ట్రిప్ వెనక రాసి ఉన్న ఆ యూనిట్‌లో పరీక్ష బాగా జరిగిందని నాకు హామీ ఇచ్చేదెవరు? ఆ డబ్బు ల్యాబ్‌కు వెళ్తోందా, ఎంఆర్ బ్యాగులోకి వెళ్తోందా?

ఫిజీషియన్, కూకట్‌పల్లి:

డాక్టర్‌గా రెండు మాటలు. బ్రాండ్ రాసేవాళ్లందరూ బహుమతుల కోసమే రాయరు. జనరిక్ పేరు, అంటే బ్రాండ్ కాకుండా మందు అసలు పేరు రాస్తే, ఏ కంపెనీ గోలీ ఇవ్వాలో షాపతను నిర్ణయిస్తాడు. మలక్‌పేట వారు నిజాయితీగా చెప్పారు, అతను ఎక్కువ మిగిలేదే ఇస్తాడు. రోగికి ఏదైనా అయితే నా దగ్గరికే వస్తారు. 2023 ఆగస్టులో జనరిక్ పేర్లే రాయాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన తెచ్చినప్పుడు మేం వ్యతిరేకించింది అందుకే. ఆ నెలలోనే దాన్ని నిలిపేశారు. జనరిక్ ఒంట్లో అసలు మందులాగే పనిచేస్తుందని చూపే బయో ఈక్వివలెన్స్ పరీక్ష కొన్ని తరగతుల మందులకు తప్పనిసరి అయింది 2017లో. అంతకుముందే లైసెన్స్ పొందినవి ఇంకా మార్కెట్లో ఉన్నాయి. ఏ బ్యాచ్‌ను ఏ ల్యాబ్‌లో పరీక్షించారో స్ట్రిప్ మీది క్యూఆర్ కోడ్‌లో కనిపిస్తే, రేపటి నుంచి నేను జనరిక్ పేరే రాస్తాను.

మూసాపేట వారూ, మీ నాన్నగారి విషయంలో ఒక దారి ఉంది. స్టాటిన్ పనిచేస్తోందో లేదో కొలవచ్చు. ముందు మీ కార్డియాలజిస్ట్‌తో మాట్లాడండి. ఆయన సరేనంటే ఇప్పుడొకసారి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొలెస్ట్రాల్ పరీక్ష) చేయించి, చవక గోలీకి మారి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ చేయించండి. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్ పెరగకపోతే నాన్నగారికి మీరు ఏమీ చెప్పనక్కర్లేదు, కాగితం చూపించండి చాలు. మధ్యలో ఒక్క రోజు కూడా మందు ఆపకండి.

జీడిమెట్ల కెమిస్ట్:

క్యూఆర్ కోడ్‌లో ల్యాబ్ వివరాలు పెట్టడం మా వైపు నుంచి కష్టమేం కాదు. ప్రతి బ్యాచ్‌కూ రిపోర్టు ఎలాగూ తయారవుతుంది, ఫైల్లో ఉంటుంది. బయట పెట్టమని అడిగేవాళ్లు లేరు అంతే. కొనేవాడి బలం గురించి మీరు చెప్పిన మాట కూడా ఒప్పుకుంటున్నాను. అమెరికా ఆర్డర్ రేటు చూసిన ప్రతిసారీ మేం ప్లాంటులో అనుకునేది అదే.

మూసాపేట వాసి:

థాంక్స్ డాక్టర్ గారూ. బుధవారం నాన్నకు చెకప్ ఉంది. రెండు స్ట్రిప్పులూ జేబులో పెట్టుకుని వెళ్తున్నాను, కార్డియాలజిస్ట్ ముందు పెట్టి అడుగుతాను. నాన్న ఒప్పుకోవడానికి కొంచెం టైం పడుతుంది, అమ్మ మాట్లాడతానంది. ఆయన సరేనంటే మొదటి రిపోర్టు అంకెలు ఈ వారమే ఇక్కడ రాస్తాను, రెండోది వచ్చాక అదీ రాస్తాను.