టర్కీ కోళ్ల దిగుబడి లెక్క ఎలా కట్టాలి? 500 పిల్లలకు 3,750 కిలోలు సాధ్యమేనా?

ప్రశ్న (మెహదీపట్నం నుంచి)

అందరికీ నమస్కారం. చేవెళ్ల దగ్గర మాకు రెండెకరాల పొలం ఉంది. మూడేళ్లుగా ఖాళీగా పడి ఉన్న పాత బ్రాయిలర్ షెడ్డు కూడా అందులోనే ఉంది. దానిలో టర్కీ కోళ్లు పెంచాలన్న ఆలోచనతో ఒక హేచరీ (గుడ్లు పొదిగించి పిల్లలను అమ్మే కేంద్రం) వారిని సంప్రదించగా, వారు ఒక ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చారు. 500 పిల్లలు వేస్తే ఐదు నెలలకు ఒక్కొక్కటి 7.5 కిలోలు తూగుతుందని, మొత్తం 3,750 కిలోల పక్షులు చేతికి వస్తాయని అందులో ఉంది. టర్కీ పెంపకం ఏటేటా పెరుగుతోందని చెబుతూ, రుజువుగా తాము గత కొన్నేళ్లలో అమ్మిన పిల్లల సంఖ్యను చూపించారు.

నా భయం ఒక్కటే. మా మేనమామ ఎమూ పక్షుల పెంపకంలో దిగి, తిరిగి కొంటామన్నవారు కనిపించకుండా పోవడంతో పొలం అమ్ముకోవలసి వచ్చింది. అప్పుడు కూడా కాగితం మీద లెక్కలన్నీ చక్కగానే ఉన్నాయి. అందుకే అడుగుతున్నాను: టర్కీ ఉత్పత్తిని, గిరాకీని నిజంగా లెక్క కట్టేవాళ్లు ఏ పద్ధతిలో కడతారు? మా షెడ్డుకు ఆ పద్ధతిని ఎలా అన్వయించుకోవాలి?

మొదటి సమాధానం (పశుసంవర్ధక గణాంకాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను)

మీ రెండు సందేహాలకూ మూలం ఒక్కటే, కాబట్టి కలిపే చెబుతాను. అమ్ముడైన పిల్లల సంఖ్య ఉత్పత్తిని అంచనా వేయడానికి పనికివస్తుంది గాని, గిరాకీకి రుజువు కాదు. పిల్లలు కొన్న రైతు వాటిని మళ్లీ పిల్లల కోసమే పెంచి, ఆ పిల్లలను మరో రైతుకు అమ్ముతూ పోతే సంఖ్య పెరుగుతూనే ఉంటుంది, కోసి తినేవారు మాత్రం ఎక్కడా కనిపించరు. ఎమూ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. అందువల్ల మాంసంగా అమ్ముడైన కిలోలు ఎన్ని అన్నదే మీరు మొదట అడగవలసిన ప్రశ్న.

టర్కీ ఉత్పత్తిని బాగా లెక్క కట్టే దేశం అమెరికా. అక్కడి వ్యవసాయ శాఖ హేచరీ యంత్రాల్లో ఎన్ని గుడ్లు ఉన్నాయో, షెడ్లలో ఎన్ని పిల్లలు వేశారో సేకరిస్తుంది. టర్కీ గుడ్డు పొదగడానికి 28 రోజులు పడుతుంది (మన కోడికైతే 21), పెట్టలను సుమారు 14 నుంచి 16 వారాలకు, పుంజులను 18 నుంచి 20 వారాలకు కోతకు పంపుతారు. అంటే ఈ రోజు యంత్రంలో ఉన్న గుడ్లు చూస్తే ఐదారు నెలల తరువాత మార్కెట్‌కు వచ్చే మాంసం కొంతవరకు కనిపిస్తుంది. వేసిన పిల్లల్లో బతికేవాటి శాతాన్ని, సగటు బరువును గుణించి ముందస్తు అంచనా వేస్తారు. ఆ తరువాత కబేళాల్లో పశువైద్య తనిఖీ జరిగిన పక్షుల సంఖ్య, బరువు, తిరస్కరించినవాటి లెక్కతో దాన్ని సరిచూస్తారు. రెండు వైపుల నుంచీ లెక్క కడతారు కాబట్టే దానికి విలువ.

ఆ లెక్కల్లో కనిపించే ధోరణి కూడా మీరు తెలుసుకోవాలి. అమెరికాలో పెంచిన టర్కీల సంఖ్య 1996లో 30 కోట్లు దాటింది, 2024 నాటికి అది సుమారు 20 కోట్లకు తగ్గింది. మాంసం మాత్రం అంతగా తగ్గలేదు, ఎందుకంటే ఒక్కో పక్షి బరువు పెరుగుతూ వచ్చింది. 1960 ప్రాంతంలో ప్రాణంతో సగటున 15 పౌండ్లు తూగిన టర్కీ ఇప్పుడు 30 పౌండ్లు దాటుతోంది. ఛాతీ ఎంత వెడల్పయిందంటే ఆ రకాలు సహజంగా జత కట్టలేవు, కృత్రిమ గర్భధారణ తప్పనిసరి. పైగా 2015లో, మళ్లీ 2022 నుంచి బర్డ్ ఫ్లూ మందలను దెబ్బతీసింది, అలాంటి ఏడాదిలో పిల్లల సంఖ్య నుంచి కట్టిన అంచనా ఎంత జాగ్రత్తగా వేసినా తప్పుతుంది.

మన దగ్గర పరిస్థితి వేరు. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో మొత్తం పెంపుడు పక్షులు 85.18 కోట్లు, అందులో అత్యధికం కోళ్లే. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలో టర్కీ కూడా ఉంది. అయితే గణన అంటే లెక్కపెట్టే సిబ్బంది వచ్చిన రోజున షెడ్డులో ఉన్న పక్షుల లెక్క, అది ఏడాది ఉత్పత్తి కాదు. ఆరు వారాల్లో వెళ్లిపోయే బ్రాయిలర్‌ను, ఐదు నెలలు ఉండే టర్కీని ఒకే రోజున లెక్కపెడితే ఏ పోలికా కుదరదు. డిసెంబరు మొదటి వారంలో లెక్కపెట్టిన టర్కీ షెడ్డు క్రిస్మస్ అమ్మకాల తరువాత జనవరిలో ఖాళీగా ఉండవచ్చు. పాలు, గుడ్లు, మాంసం ఉత్పత్తికి ఏటా సమగ్ర నమూనా సర్వే జరుగుతుంది. మార్చి నుంచి ఫిబ్రవరి వరకు ఏడాదిని ఎండాకాలం, వానాకాలం, చలికాలంగా విభజించి, ఎంపిక చేసిన గ్రామాల్లో వివరాలు సేకరిస్తారు. దాని ప్రకారం 2022-23లో దేశపు మాంసం ఉత్పత్తి 97.7 లక్షల టన్నులు, అందులో సగానికి పైగా పౌల్ట్రీదే, తెలంగాణ వాటా 11.06 శాతం. టర్కీ మాంసం ఆ పౌల్ట్రీ అంకెలో కలిసిపోతుంది. కాబట్టి టర్కీ ఏటేటా ఇంత పెరిగిందని ఎవరైనా ప్రభుత్వ లెక్కగా చెబితే, ఏ పట్టికలో ఉందో చూపించమని నిలదీయండి.

రెండో సమాధానం (శామీర్‌పేట వైపు ఆరేళ్లుగా చిన్న స్థాయిలో టర్కీలు పెంచుతున్నాను)

పెద్దాయన చెప్పిన పద్ధతినే మీ షెడ్డుకు వర్తింపజేసి చూడండి. ముందు ఆ రిపోర్టులో ఏ రకం పిల్లల బరువు రాశారో అడగండి. బెల్ట్స్‌విల్ స్మాల్ వైట్ అనే చిన్న టర్కీ రకమైతే 20 వారాలకు పుంజు సుమారు 5 కిలోలు, పెట్ట 3 కిలోలు తూగుతుంది. విదేశాల్లో పెంచే వెడల్పు ఛాతీ పుంజు అదే వయసుకు 18 కిలోలు దాటుతుంది. ఒక రకం పిల్లలు అమ్మి, మరో రకం బరువు కాగితం మీద రాయడం నేను కళ్లారా చూశాను.

చిన్న రకమనే అనుకుందాం. 500 పిల్లల్లో పది శాతం పోయాయనుకుంటే 450 మిగులుతాయి, అందులో సగం పెట్టలు. సగటు 4 కిలోల చొప్పున 1,800 కిలోలు, శుభ్రం చేశాక నూటికి 75 చొప్పున 1,350 కిలోల మాంసం. రిపోర్టులోని 3,750తో పోలిస్తే ప్రాణంతో ఉన్న బరువే సగానికి తక్కువ. వేసిన 500 పిల్లల్లో ఒక్కటీ చావదని, పుంజులూ పెట్టలూ సమానంగా తూగుతాయని రాసినవారు ఎన్నడూ టర్కీని పెంచి ఉండరు.

పది శాతం అని తేలికగా రాశాను గాని, ఆ పది శాతం దగ్గర ఆగడానికే మొదటి రెండు వారాలు రాత్రీ పగలూ షెడ్డులోనే ఉండాలి. కోడిపిల్ల తనంతట తాను దాణా వెతుక్కుంటుంది, టర్కీ పిల్లకు చూపు అంత చురుకుగా ఉండదు, దాణా ముందున్నా తినక ఆకలితో చనిపోతుంది. నేను ఉడికించిన గుడ్డును తరిగి పెడతాను, నీళ్లలో కొద్దిగా పాలు కలుపుతాను, తొట్టిలో మెరిసే రంగు గోళీలు వేస్తే వాటిని పొడవబోయి దాణా రుచి మరుగుతాయి. దాణాలో 28 శాతం ప్రొటీన్ ఉండాలి కాబట్టి మామూలు బ్రాయిలర్ స్టార్టర్ (బ్రాయిలర్ పిల్లలకు మొదట్లో పెట్టే దాణా) చాలదు. ఆ షెడ్డులో గాని, దాని ఆవరణలో గాని నాటుకోళ్లు తిరుగుతుంటే ముందు వాటిని తీసేయండి. కోళ్ల పేగుల్లో ఉండే ఒక రకం నులిపురుగుల గుడ్ల ద్వారా బ్లాక్‌హెడ్ వ్యాధి సోకుతుంది, కోళ్లకు పెద్దగా ఏమీ కాదు, టర్కీలు మాత్రం మందకు మంద పోతాయి. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి, కనుక పాత షెడ్డులో ఇంతకు ముందు ఏమి పెంచారన్నది చాలా ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. షెడ్డు ఖాళీ అయ్యాక పాలేరు కుటుంబం అక్కడే ఇరవై నాటుకోళ్లు పెంచుతోంది. ఈ మాట ఇక్కడ తెలియకపోతే నేరుగా పిల్లలు దించేసేవాడిని. అమ్మకం సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

మూడో సమాధానం (సికింద్రాబాద్‌లో మాంసం దుకాణం)

మా దుకాణంలో టర్కీ అడిగేది క్రిస్మస్ ముందు రెండు మూడు వారాలే, అదీ ముందుగా అడ్వాన్స్ ఇచ్చినవారే. పాతబస్తీలోని ముర్గీ చౌక్ పక్షుల మార్కెట్లో ప్రాణంతో ఉన్న జతలు అమ్ముడవుతాయి, వాటిని కొనేది ఎక్కువగా పెంచుకోవడానికి, కాబట్టి ఆ ధర చూసి మాంసం ధర లెక్క కట్టవద్దు. నేను గత డిసెంబరులో అమ్మినవి 38 పక్షులు. మీరు ఒకేసారి 450 తెస్తే సికింద్రాబాద్ దుకాణాలన్నీ కలిసినా తీసుకోలేవు, మిగిలినవి రోజూ దాణా తింటూ షెడ్డులోనే ఉంటాయి.

రెండో సమాధానం ఇచ్చినవారు

అయితే 60 పిల్లలతో మొదలుపెట్టండి, అదీ నాటుకోళ్లు ఎన్నడూ తిరగని చోట కొత్తగా చిన్న బ్రూడర్ గది (పిల్లలను వెచ్చగా ఉంచే గది) కట్టుకుని. డిసెంబరు 20కి పక్షి 20 వారాలది కావాలంటే ఆగస్టు మొదటి వారంలో పిల్లలు దిగాలి, అంటే జూలై మొదటి వారానికే హేచరీలో గుడ్లు పెట్టాలి. ఇప్పుడే ఆర్డర్ ఇచ్చి, బిల్లు మీద రకం పేరు రాయించుకోండి. మొదటి రోజు నుంచి చనిపోయినవాటి లెక్క, వారానికొకసారి పది పక్షుల తూకం, దాణా బస్తాల లెక్క ఒక నోటు పుస్తకంలో రాస్తూ ఉండండి. పుంజులు, పెట్టలు విడివిడిగా తూచడం మరవకండి.

ప్రశ్న అడిగినవారు

అలాగేనండి. 60కే ఆర్డర్ ఇస్తాను. గది కోసం పొలానికి అవతలి గట్టున బోరు పక్కన స్థలం చూశాను, అటు కోళ్లు వెళ్లవు. పన్నెండో వారం తూకం లెక్కలు ఇక్కడే పెడతాను.