అడగని చందాలకు కార్డులోంచి డబ్బు పోతే: ఏ ఫిర్యాదు నిలుస్తుంది, ఏది కొట్టేస్తారు?

గోదారిగట్టు
‘ఒక్క రూపాయికే ట్రయల్’ అనే యాప్‌లు, పేరు కూడా వినని విదేశీ సైట్లు క్రెడిట్ కార్డుల్లోంచి నెలనెలా డబ్బు లాగేయడం గురించి ఇక్కడ విడివిడిగా అడుగుతూనే ఉన్నారు. జవాబులన్నీ ఒకచోట ఉంటాయని ఈ చర్చ మొదలుపెడుతున్నా. సొంత గోడు కాకుండా పనికొచ్చే వివరాలు రాయండి. మొదటి ప్రశ్న నాదే: బ్యాంకులు కొందరికి డబ్బు వెనక్కి ఇస్తున్నాయి, కొందరి ఫిర్యాదు కొట్టేస్తున్నాయి. తేడా ఎక్కడ వస్తోంది?

పాత_కౌంటర్
బ్యాంకు ఫిర్యాదు ఫారంలో మీరు ఎంచుకునే కారణం దగ్గర. ఓటీపీ ఇచ్చారా లేదా అన్నది ముందు తేల్చుకోండి.

మీరు కార్డు వివరాలు ఇవ్వని సైటుకు, ఓటీపీ రాకుండానే డాలర్లలో డబ్బు పోయిందంటే అది మోసం. మన దేశంలోని సైట్లలో ఆన్‌లైన్ చెల్లింపుకు ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ ఉండాలి గానీ, బయటి దేశాల వ్యాపారులు చాలామంది కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీతోనే పని కానిచ్చేస్తారు. దొంగలు ముందు ఒకటి రెండు డాలర్లు లాగి కార్డు పనిచేస్తోందో లేదో చూస్తారు. ‘ఎనభై రూపాయలే కదా’ అని వదిలేస్తే పెద్దది తర్వాత పడుతుంది. ఇలాంటప్పుడు కార్డు బ్లాక్ చేయించి, ‘ఈ లావాదేవీ నేను చేయలేదు’ అనే కారణం పెట్టండి. వీసాలో దీని కోడ్ 10.4, మాస్టర్‌కార్డ్‌లో 4837.

ట్రయల్ కోసం మీరే ఓటీపీ కొట్టి, ఆ తర్వాత పూర్తి చందా పడితే మాత్రం ‘నేను చేయలేదు’ అని రాయొద్దు. ఓటీపీ రికార్డు బ్యాంకు దగ్గర ఉంటుంది, ఆ ఒక్క ముక్కతో ఫైలు మూసేస్తారు. ఎక్కువ ఫిర్యాదులు పోయేది ఇక్కడే. రద్దు చేశాక కూడా డబ్బు తీసుకుంటే వీసా 13.2. ట్రయల్ అయ్యాక డబ్బు పడుతుందని స్పష్టంగా చెప్పకపోతే 13.5. మాస్టర్‌కార్డ్‌లో రెండూ 4853 కిందికే వస్తాయి. కోడ్లు మీరు రాయనక్కర్లేదు, కారణం ఆ మాటల్లో ఉంటే చాలు.

దీనికి రుజువు కావాలి. రద్దు చేసినట్టు వచ్చిన మెయిల్, తేదీ కనబడే స్క్రీన్‌షాట్, ట్రయల్ పేజీ ఫొటో. సైట్లో రద్దు బటన్ దొరక్కపోతే వాళ్లకు మెయిల్ పెట్టండి. జవాబు రాకపోయినా మీరు పంపిన మెయిల్, దాని తేదీ పనికొస్తాయి.

వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ దగ్గర ఫిర్యాదుకు గడువు సాధారణంగా 120 రోజులు. స్టేట్‌మెంట్లు చూడకుండా నెలల తరబడి వదిలేస్తే పాతవి చేజారినట్టే.

సిరిసిల్ల_శీను
గింత లెక్క ఎందుకన్నా, కార్డు బ్లాక్ చేస్తే అయిపాయె కదా?

విజయనగరం_విహారి
కాదు శీనూ. ఆ చందా ఎటునుంచి పోతోందో చూడాలి. ప్లే స్టోర్ ద్వారా పోతుంటే చందా మీ గూగుల్ ఖాతాకు కట్టి ఉంటుంది. అక్కడ ఇంకో కార్డో యూపీఐయో ఉంటే దాని మీద పడొచ్చు. యాప్ తీసేసినా చందా ఆగదు. ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లోకి వెళ్లి రద్దు చేయాలి. మీరు చేయని కొనుగోలు అయితే 120 రోజుల్లోపు గూగుల్‌కే ఫిర్యాదు పెట్టొచ్చు.

ఒక్క రూపాయి యాప్‌లు ఎక్కువగా వాడేది యూపీఐ ఆటోపే, అంటే ఒకసారి ఒప్పుకుంటే ప్రతిసారీ దానంతటదే డబ్బు పోయే ఏర్పాటు. పిన్ కొట్టే ముందు తెరమీద గరిష్ఠ మొత్తం, ఎంతకాలానికోసారి అన్నవి ఉంటాయి. పైన పెద్దక్షరాల్లో ₹1, కింద చిన్నక్షరాల్లో ‘₹999 వరకు’. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలో బతికున్న మాండేట్లన్నీ (డబ్బు తీసుకోమని మీరిచ్చిన అనుమతులు) కనబడతాయి, అక్కడే రద్దు చేయండి.

కార్డు మీద ఈ-మాండేట్ అయితే: 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం, డబ్బు తీసే 24 గంటల ముందు బ్యాంకు తెలియజేయాలి, వద్దనుకునే దారీ చూపాలి. 2022 జూన్ నుంచి ₹15,000 వరకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. అందుకే ఆ ముందస్తు సందేశమే మీకు చివరి అవకాశం. అది మెయిల్లో ప్రమోషన్ల గుట్టలో పడుతుంది, ఓ కన్నేసి ఉంచండి.

లెక్కల_లక్ష్మి
గడువుల సంగతి నేను రాస్తాను. 2017 జులై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ మీదీ కానప్పుడు, డబ్బు పోయినట్టు బ్యాంకు సందేశం వచ్చాక 3 పనిదినాల్లో చెబితే మీ భారం సున్నా. సందేశం వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే ₹5 లక్షల వరకు పరిమితి ఉన్న కార్డుకు గరిష్ఠంగా ₹10,000, అంతకు మించిన కార్డుకు ₹25,000. పోయింది అంతకన్నా తక్కువైతే అంతే. ఆ పైన అయితే బ్యాంకు సొంత విధానం.

చెప్పిన 10 పనిదినాల్లో తాత్కాలిక జమ ఇవ్వాలి, 90 రోజుల్లో తేల్చాలి. కస్టమరే బాధ్యుడని రుజువు చేసే పని బ్యాంకుదే. ఫోన్లో చెప్పి వదిలేయకండి, ఫిర్యాదు నంబరు తీసుకుని అదే విషయం మెయిల్లోనూ పెట్టండి: కార్డు చివరి నాలుగంకెలు, తేదీ, మొత్తం, స్టేట్‌మెంట్లో పడ్డ పేరు యథాతథంగా, ‘ఓటీపీ రాలేదు, ఇవ్వలేదు’ అన్న వాక్యం.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్లో ఉచితంగా పెట్టుకోవచ్చు. సందేహాలకు ఆర్‌బీఐ ఫోన్ నంబరు 14448. మోసమైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా వెంటనే చెప్పండి. రద్దు బటన్ దాచేసే దేశీ యాప్‌ల మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ (కస్టమర్‌ను తప్పుదారి పట్టించే డిజైన్లు) మార్గదర్శకాల్లోని 13 రకాల్లో, చందా రద్దు చేయనీయని సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి.

డాలస్_బావ
అమెరికా కార్డులవాళ్లకు లెక్క వేరు. ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ప్రకారం, ఆ కోత కనబడిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వక ఫిర్యాదు కార్డు సంస్థకు చేరాలి. చిరునామా బిల్లింగ్ ఎంక్వైరీలది, బిల్లు కట్టేది కాదు. ఇంకో సంగతి: ఇక్కడ కార్డు మార్చినా అకౌంట్ అప్‌డేటర్ సర్వీసు కొత్త నంబరును వ్యాపారికి అందించేస్తుంది. పాత చందా కొత్త కార్డు మీదికి నడుచుకుంటూ వస్తుంది. దాన్ని ఆపమని బ్యాంకును విడిగా అడగాలి.

సిరిసిల్ల_శీను
మరి ఫిర్యాదు నడుస్తుండగా బిల్లు వస్తే కట్టాల్నా, ఆపాల్నా?

లెక్కల_లక్ష్మి
మోసం అని పెట్టిన మొత్తం మీద, తేలేదాకా ఎలాంటి ఛార్జీలూ వేయకూడదు. 2022 నాటి ఆర్‌బీఐ కార్డు నిబంధనల్లో ఉంది. అది తీసేసి మిగతాది కట్టండి, తీసేశానని మెయిల్ పెట్టండి. రద్దు చేసిన చందా తరహా వివాదానికి ఆ రక్షణ ఉందనుకోవద్దు. మొత్తం కట్టేసి జమ కోసం చూడటమే మేలు, లేకపోతే వడ్డీ లేని గడువు పోతుంది. ఆ కోతను ఈఎంఐగా మాత్రం మార్చకండి, మీరే ఒప్పుకున్నట్టు కనబడుతుంది.

పాత_కౌంటర్
ఇంకొక్కటి. ‘రిఫండ్ ఇచ్చేశాం’ అని వ్యాపారి అంటే ఏఆర్ఎన్ అడగండి. 23 అంకెల నంబరు, దాంతో బ్యాంకు జాడ తీస్తుంది. ఇవ్వలేకపోతే రిఫండ్ పంపలేదనే అనుమానించండి. డాలరు రిఫండ్ ఆరోజు మారకపు రేటుకే వస్తుంది, కాబట్టి రూపాయల్లో అటూ ఇటూ అవుతుంది. మోసమని తేలాక విదేశీ మారకపు ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ కూడా వెనక్కి అడగండి. అడగనివాళ్లకు అవి అలాగే మిగిలిపోతుంటాయి.

విజయనగరం_విహారి
విదేశీ సైట్లు వాడనివాళ్లు బ్యాంకు యాప్‌లో ‘ఇంటర్నేషనల్’ స్విచ్ ఆపేసి ఉంచండి. అవసరమైన పూట తెరిచి, పనయ్యాక మూసేస్తే సరి.