పికప్ వెనక షాకప్‌లు మార్చాలా, కమాన్ పట్టీ వేయించాలా?

టమాటా బండి (గుర్రంకొండ)

అన్నలకు నమస్కారం. నాది 2017 బొలెరో పికప్. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. గుర్రంకొండ చుట్టుపక్కల ఊర్ల నుంచి మదనపల్లె మార్కెట్‌కి టమాటా తోలుతాను. నెల రోజులుగా చివరి వరస క్రేట్లలో కాయ నలిగిపోతోంది. క్యాబిన్ వెనక వరసకు ఏమీ కావడం లేదు. మొన్న మండీలో దించుతుంటే చివరి వరస అడుగు క్రేట్ల నుంచి రసం కారుతోంది. రైతు నన్ను ఒక్క మాట అనలేదు. పగిలిన కాయ ఒకటి చేతిలోకి తీసుకుని చూసి పక్కన పెట్టాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక భాగం మూడు నాలుగు సార్లు ఊగుతోంది. ఖాళీగా వచ్చేటప్పుడు మలుపులో గతుకు తగిలితే వెనక చక్రాలు పక్కకు జరిగినట్టు ఉంటుంది, టెన్షన్‌గా ఉంది. కిందికి దూరి చూశాను. ఎడమ షాకప్ (షాక్ అబ్జార్బర్) ఒళ్లంతా నూనె కారి, దానికి దుమ్ము పట్టి ముద్ద కట్టింది. కుడిది పొడిగానే ఉంది. కమాన్లు (ఇనప పట్టీల స్ప్రింగులు) కట్టే ఆయన ఒక పట్టీ అదనంగా వేస్తే సరిపోతుందంటున్నాడు. ఇంకొకరు ఎడమది ఒక్కటి మార్చమంటున్నారు. ఏది చేయాలి? నేనే విప్పుకోవచ్చా?

పాత మెకానిక్ (అనంతపురం)

తమ్ముడూ, పట్టీ జోలికి పోవద్దు. బరువు మోసేది కమాను. అది అణిగి లేచాక మళ్లీ మళ్లీ ఊగకుండా పట్టి ఆపేది షాకప్. లోపల పిస్టన్ కదిలితే నూనె సన్నటి రంధ్రాల్లోంచి దూరి పోవాలి, అక్కడే ఊపు చచ్చిపోతుంది. నూనె కారిపోయాక అది ఉత్త గొట్టం. ఇప్పుడు పట్టీ చేరిస్తే కమాను బిగిసి ఇంకా గట్టిగా ఎగదన్నుతుంది, ఆపేవాడు మాత్రం ఉండడు. నీ బండి తోక ఇరుసు దాటి వెనక్కి ఉంటుంది కదా, అందుకే ఆ దెబ్బ చివరి వరసకే పడుతోంది.

రెండూ మార్చు. పొడిగా ఉందని కుడిదాన్ని నమ్మకు. విప్పాక నిలువుగా పట్టుకుని నొక్కి లాగి చూడు. మధ్యలో ఎక్కడైనా పట్టు లేకుండా జారితే అదీ పోయినట్టే. వెనక టైర్ల మీద అరచేయి పెట్టి చుట్టూ రాయి. గుంటలు గుంటలుగా తగిలితే షాకప్‌లు ఎప్పుడో పోయాయని అర్థం.

లోడ్ బండి ఓనర్ (సూర్యాపేట)

మీరే మార్చుకోవచ్చు అన్నా, నేను రెండుసార్లు మార్చాను. ముందు రోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలే స్ప్రే కొట్టి వదిలేయండి. చదునైన చోట బండి పెట్టి, గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, ముందు చక్రాలకు రాళ్లు పెట్టండి. వెనక కమాన్ల బండి కాబట్టి చక్రం లేపకుండానే పని అవుతుంది. లేపాల్సి వస్తే స్టాండ్లు పెట్టకుండా ఒక్క జాకీని నమ్మి కిందికి దూరవద్దు, దండం పెట్టి చెబుతున్నా.

కొత్తదాన్ని బిగించే ముందు నిలువుగా నిలబెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగండి, లోపలి గాలి పోతుంది. గ్యాస్ నింపినదైతే దానంతటదే సాగుతుంది, బోల్టు పట్టే పొడవుకు నొక్కి పట్టుకోవాలి. మెరిసే కడ్డీని పట్టకారతో అస్సలు పట్టొద్దు. చిన్న గీత పడినా సీలు కోసుకుపోయి మళ్లీ నూనె కారుతుంది. ఆఖరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చేయండి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే షాకప్ కొసల్లో ఉండే రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది.

పాత మెకానిక్ (అనంతపురం)

ఒకటి మరిచాను. విప్పిన పాత షాకప్‌లు గ్యాస్ రకమైతే వాటికి గ్యాస్ కట్టర్ పెట్టనివ్వకు, పేలతాయి. కిందికి దూరినప్పుడే కమాన్లను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు, కమాన్ల కొసన ఉండే షాకిల్ బుష్‌లు కూడా చూడు.

టమాటా బండి (గుర్రంకొండ)

ఆదివారం పెట్టుకున్నాను. ఎడమ కింద బోల్టు ఒక్కటే మొండికేసింది. మళ్లీ స్ప్రే కొట్టి, టీ తాగొచ్చి, పానాకు పొడుగు పైపు తొడిగి లాగితే కిర్రుమని కదిలింది. మిగతావి తేలిగ్గానే వచ్చాయి. పొడిగా ఉన్న కుడిది విప్పి నొక్కితే సైకిల్ పంపులాగా సగం దాకా ఉత్తగా జారింది. పాత మెకానిక్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కటే మార్చి ఉంటే పొరపాటు చేసేవాణ్ణి. యూ బోల్టు నట్లలో రెండు వదులుగా ఉన్నాయి, బిగిస్తే పావు చుట్టు తిరిగాయి.

మూడు ట్రిప్పులు వేశాను. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒకసారి అణిగి లేచి నిలబడుతోంది. నిన్న మండీలో చివరి వరస క్రేట్ల అడుగున చేయి పెట్టి చూశాను, తడి లేదు. టైర్ల మీద గుంటలు మాత్రం ఉన్నాయి, ఖాళీగా వచ్చేటప్పుడు గుయ్యిమంటున్నాయి. పంట డబ్బులు వచ్చాక అవీ మార్చాలి. యూ బోల్టులు వారం తర్వాత ఇంకోసారి బిగించి చూస్తాను.