మా కాలేజీలో కొత్త భాషలు, అంతర్జాతీయ కోర్సులు ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న (చరిత్ర_టీచర్):
నమస్కారం అందరికీ. అమెరికా దక్షిణాదిలో ఓ చిన్న హెచ్‌బీసీయూలో చరిత్ర చెబుతున్నాను. తెలియనివాళ్ళ కోసం, 1964కు ముందు నల్లజాతి విద్యార్థుల చదువు కోసం పెట్టిన కాలేజీలను అలా అంటారు. మా దగ్గర భాషలంటే స్పానిష్, కొద్దిగా ఫ్రెంచ్, అంతే. తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలి ఉందా, అరబిక్ ఉందా అని పిల్లలు అడుగుతుంటారు. లేదని చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే విదేశాంగ శాఖలో ఉద్యోగం చేయాలని కలగనే పిల్లకి ఆ దారి ఇక్కడే ఇరుకైపోతోంది. నాకు సెమిస్టర్‌కి నాలుగు కోర్సులు. డీన్ గారికి ఇష్టమే కానీ డబ్బు లేదంటున్నారు. గ్రాంట్ రాయమంటారా, వేరే దారి ఉందా?

జవాబు (గ్రాంట్ల_అనుభవం):
గ్రాంట్ సంగతి నేను చెప్తానండి. 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక కంగారుపడి అమెరికా 1958లో ఒక చట్టం చేసింది, అందులోని టైటిల్ సిక్స్ (ఆరో భాగం) నుంచే విశ్వవిద్యాలయాల్లో భాషా కేంద్రాలకు డబ్బు రావడం మొదలైంది. దాని కిందే డిగ్రీ స్థాయిలో అంతర్జాతీయ కోర్సులు, భాషలు పెట్టుకునేందుకు విడిగా ఒక గ్రాంట్ ఉంది. మామూలుగా కాలేజీ కూడా తన వాటా పెట్టాలి, కానీ మీలాంటి కాలేజీలకు ఆ వాటా తగ్గించే లేదా మాఫీ చేసే వీలు చట్టంలోనే ఉంది. ఈ విషయం తెలియక వెనక్కి తగ్గినవాళ్ళని చూశాను. అయితే 2025లో విద్యాశాఖ సిబ్బందిని తగ్గించినప్పుడు ఈ కార్యక్రమాలు చూసే ఆఫీసే ఖాళీ అయింది, కాబట్టి దాని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకండి. ఏ గ్రాంట్ రాసినా బడ్జెట్‌లో మొదటి పద్దు విమాన టికెట్లు కాకూడదు, కోర్సు రిలీజ్ కావాలి, అంటే మీరు చెప్పే కోర్సుల సంఖ్య తగ్గించడం. నాలుగు కోర్సులు చెప్పే మనిషికి ముందు కావాల్సింది ఖాళీ సమయం.

జవాబు (సగం_సెమిస్టర్):
మొదటే కొత్త కోర్సు పెట్టకండి మేడం. కమిటీల చుట్టూ తిరిగేసరికి ఏడాది పోతుంది, నాకు పోయింది. ఉన్న ప్రపంచ చరిత్ర కోర్సులోనే మూడు వారాలు హిందూ మహాసముద్రానికి ఇచ్చేయండి. 1331లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా తూర్పు ఆఫ్రికా తీరంలోని కిల్వా రేవు పట్టణానికి వెళ్ళాడు కదా, అక్కడ మొదలుపెట్టి భాషలోకి రావచ్చు. స్వాహిలి అన్న పేరే తీరం అనే అరబిక్ మాట నుంచి వచ్చింది. అరబిక్ కితాబ్ అక్కడ కితాబు అయింది, పుస్తకాలు అనాలంటే వితాబు అంటారు, అంటే అరువు తెచ్చుకున్న మాటకి తమ వ్యాకరణం తొడిగేశారు. ఇది చెప్పిన రోజు క్లాసు అయిపోయాక కూడా పిల్లలు కదల్లేదు. ఆ సెమిస్టర్ చివర్లో భాష నేర్చుకుంటాం అని సంతకాలు పెట్టి ఇచ్చారు, డీన్ ముందు పెట్టడానికి నాకు అంతకన్నా గట్టి కాగితం దొరకలేదు.

ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వ మార్పిడి కార్యక్రమం కింద విదేశాల నుంచి యువ భాషా టీచర్లు ఒక విద్యా సంవత్సరం వచ్చి చెబుతారు, అదీ చూడండి. ఖర్చులో కాలేజీ వాటా ఎంతో ముందే తేల్చుకోండి. ఆ మనిషి వెళ్ళిపోయాక క్లాసు ఎవరు నడుపుతారో కూడా ఆలోచించుకోవాలి, లేకపోతే మొదటి ఏడాది చేరిన పిల్లలు మధ్యలో ఆగిపోతారు, అది మరీ అన్యాయం.

జవాబు (నైరుతి_ఎడారి):
ఒక మాట. మైనారిటీ విద్యార్థుల కాలేజీలన్నిటికీ ఒకే మందు పనిచేయదు. డిగ్రీ విద్యార్థుల్లో కనీసం 25 శాతం స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న హిస్పానిక్‌లు ఉన్న కాలేజీలో స్పానిష్ చాలామందికి ఇంటి భాష, వాళ్ళని మొదటి పాఠం నుంచి కూర్చోబెడితే అవమానించినట్టే. ఆరిజోనాలో 1968లో నవాహోలు అనే మూలవాసీ తెగవాళ్ళు తమకు తాముగా పెట్టుకున్న డినే కాలేజీ లాంటి చోట నవాహోని విదేశీ భాష అనగలమా? అందుకే గ్రాంట్ కాగితాల్లో వాడే మాటల్ని అరువు తెచ్చుకునే ముందు మీ పిల్లల ఇళ్ళలో ఏ భాషలున్నాయో ఒకసారి అడిగి చూడండి.

చరిత్ర_టీచర్:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇంటి భాషల గురించి నేనెప్పుడూ అడగనే లేదు, సోమవారం క్లాసులో ముందు అదే అడుగుతాను. సగం_సెమిస్టర్ గారూ, ఆ మూడు వారాల పాఠ ప్రణాళిక ఇక్కడ పెట్టగలరా?